పుట తప్పిన పుస్తకం

2009లో నర్సీపట్నంలో మేము కొందరం కలిసి మా ప్రాంత చరిత్రను గురించి ఒక చిన్న పుస్తకం కూర్చాము. నూట యాభై పుటలకు మించనిది. మన్యానికి ముఖద్వారమైన ఈ పట్టణం, ఇక్కడి నుండి చింతపల్లికి ఎక్కే ఘాటు రోడ్డు, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై జరిపిన దాడులు, ఆ సెప్టెంబరులో దామనపల్లి వద్ద మరణించి నర్సీపట్నంలో సమాధి అయిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు - ఇవన్నీ అందులోని విషయాలు. పుస్తకం చివర అకారాది క్రమంలో ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇచ్చి, ప్రతి పేరుకు ఎదురుగా పుటసంఖ్య వేశాము. ఆ పని చేసినందుకు మాకు కొంత గర్వం కూడా ఉండేది. తెలుగు పుస్తకాలలో చివర పదసూచిక ఉండటం అరుదు కదా!

పుస్తకం వచ్చిన కొద్ది రోజులకు మన్యం నుండి ఒక పెద్దాయన వచ్చాడు. ఘాటు రోడ్డు వేసేటప్పుడు తన తాత ఆ పనిలో రాళ్లు మోశాడట. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి ఇవ్వక బాధించడం తిరుగుబాటుకు ఒక కారణమని చరిత్రకారులు వ్రాశారు. ఆ పనికి మనుషులను తెచ్చిన ఊళ్లలో తన ఊరి పేరు కూడా పుస్తకంలో ఉన్నదని ఎవరో చెప్పగా విని ఆయన వచ్చాడు. చదువు అంతంతమాత్రం. మనుమడు వెంట ఉన్నాడు. ఆ కుర్రవాడు వెనుక సూచికలో ఊరి పేరు పట్టుకొని, 58వ పుట తీశాడు. అక్కడ లంబసింగి చలిని గురించి ఉన్నది. పైకి క్రిందికి రెండుమార్లు చూచి, "లేదు తాతా, మన ఊరు వ్రాయలేదు" అని పుస్తకం మూసి ఇచ్చివేశాడు. వారు వెళ్లిపోయిన తరువాత ఈ సంగతి మాకు తెలిసింది. ఊరి పేరు 62వ పుటలో ఉన్నది.

పుస్తకంలో పేరు ఉన్నది. కాని ఆ చదువరి వరకు లేనట్లే. ఈ తప్పు ఎలా పుట్టింది, కంప్యూటరులో గ్రంథాన్ని కూర్చేవారు దీనిని ఎలా నివారించవచ్చు అన్నది ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా ఒక మాటను గురించి చెప్పాలి. మన విద్యార్థులు రికార్డు పుస్తకం మొదటి పుటలో గళ్లు గీసి, పైన "ఇండెక్స్" అని వ్రాస్తారు. నిజానికి అది ఇండెక్స్ కాదు. పుస్తకం మొదట ప్రకరణాల వరుసను తెలిపేది విషయసూచిక. చివర పేర్లను అకారాదిగా కూర్చి, అవి వచ్చిన పుటలను తెలిపేది పదసూచిక. మొదటిది పుస్తకం నడిచే వరుసలో ఉంటుంది; రెండవది వెదికేవాని మనస్సులోని మాట వరుసలో ఉంటుంది. కంప్యూటరు ఈ రెంటిని వేరు వేరు పద్ధతులలో తయారు చేస్తుంది. కాబట్టి రెంటిలోనూ వచ్చే తప్పులు వేరు. పేరు ఒక్కటే కదా అని ఒకే మందు వేస్తే లాభం లేదు.

పుటకు సంఖ్య వేయడం అచ్చుతో పుట్టిన ఆచారం కాదు. మన తాళపత్ర గ్రంథాలలో ప్రతి కమ్మ అంచున తెలుగు అంకె ఉంటుంది. కమ్మలకు రంధ్రం చేసి త్రాడు గుచ్చి కట్టేవారు. త్రాడు తెగి కమ్మలు చెదిరితే మరల వరుసపెట్టడానికి ఆ అంకె ఒక్కటే ఆధారం. అయితే ఆ అంకె కమ్మకే గాని దాని రెండు ప్రక్కలకు వేరువేరుగా కాదు. ఐరోపాలో అచ్చు పుస్తకానికి సంఖ్యలు వేసిన తొలి ఉదాహరణలలో ఒకటి 1470లో కొలోన్ నగరంలో వెలువడింది. అదీ ఆకు సంఖ్యే. అంటే సంఖ్య మొదట పుస్తకం కట్టేవాని సౌకర్యం కోసం వచ్చింది. చదువరిని ఒకచోటికి పంపే గుర్తుగా అది ఎదిగినది తరువాత. ఇప్పుడు మనం వ్రాతప్రతి కూర్చే కంప్యూటరులో మాత్రం ఆకు అనేది ఉండదు. పొడవైన ఒకే పాఠం ఉంటుంది. కాగితం కొలత, అంచులు, అక్షరం పరిమాణం చూచుకొని యంత్రం ఆ పాఠాన్ని అప్పటికప్పుడు పుటలుగా ఖండిస్తుంది. ఒక్క వాక్యం చేర్చినా ఆ ఖండన మారుతుంది. మా కష్టాలన్నిటికీ మూలం ఇదే.

2009లో మేము చేసిన తప్పు చాలా మోటైనది. డీటీపీ సెంటరు నుండి వచ్చిన ప్రూఫులను ముందు పెట్టుకొని, ఒకరు చదువుతుంటే మరొకరు నోటుపుస్తకంలో పేరు, పుట వ్రాసుకున్నాము. వారం పట్టింది. సూచిక పూర్తి అయిన తరువాత మూడవ ప్రకరణం మొదట నాలుగు పుటల ఛాయాచిత్రాలు చేర్చుదామని ఎవరికో తోచింది. చేర్చాము. అక్కడి నుండి ప్రతి పుట నాలుగు ముందుకు జరిగింది; నోటుపుస్తకం మాత్రం జరగలేదు. 58 అనుకున్నది 62 అయింది. ఇందులో కంప్యూటరు దోషం ఏమీ లేదు. దాని చేత చేయించవలసిన పనిని మేము చేతితో చేశాము, చేసిన తరువాత పుస్తకాన్ని కదిపాము.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. విశాఖపట్నం జిల్లాలోని నర్సీపట్నం కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి చేరాయి. పుస్తకంలో జిల్లా పేరు వచ్చిన ప్రతి చోటును సరిచేయవలసి వచ్చింది. ఎలాగూ చేయి పెట్టాము గనుక ఈసారి సూచికలు యంత్రంచేతనే చేయిద్దామని మొత్తం గ్రంథాన్ని మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోకి ఎక్కించాము. పాత తప్పు పోయింది. కొత్తవి వచ్చాయి.

మొదటిది సంఖ్యలు వేయడంలోనే. మా మిత్రులలో ఒకరు ప్రతి పుట అడుగున 1, 2, 3 అని టైపు చేసుకుంటూ పోయారు. రెండు వాక్యాలు చేర్చగానే ఆ అంకెలు పుట నడుమకు వచ్చి నిలిచాయి. సంఖ్యను టైపు చేయకూడదు. ఇన్సర్ట్ పట్టీలోని పేజ్ నంబర్ ద్వారా చొప్పించాలి. అలా చొప్పించినది అంకె కాదు, "ఈ పుట ఎన్నవదో ఇక్కడ చూపు" అనే ఆజ్ఞ. దీనిని ఫీల్డు అంటారు. పుట మారితే ఆజ్ఞకు జవాబు మారుతుంది.

తరువాతది ముందుమాటల చిక్కు. ముఖపత్రానికి సంఖ్య ఉండకూడదు. ముందుమాట, విషయసూచికలకు రోమను అంకెలు ఉండాలి. అసలు గ్రంథం 1తో మొదలు కావాలి. ఇందుకు పుస్తకాన్ని విభాగాలుగా కోయాలి. ముందుమాటలు ముగిసిన చోట మామూలు పేజీ విరుపు కాక సెక్షన్ బ్రేక్ వేయాలి. పేజీ విరుపు కాగితాన్ని మారుస్తుంది. విభాగపు విరుపు నియమాన్ని మారుస్తుంది. ఇంత చేసినా మాకు మొదట ఫలితం రాలేదు. రెండవ విభాగంలో రోమను అంకెలు తీసివేస్తే మొదటి విభాగంలోవి కూడా పోయాయి. కారణం ఏమనగా, కొత్త విభాగం యొక్క అడుగు పట్టీ దాని ముందున్న విభాగానికి ముడిపడి పుడుతుంది. లింక్ టు ప్రీవియస్ అనే ఆ ముడిని విప్పిన తరువాతనే అంకెను ముట్టుకోవాలి. అటుపై ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో స్టార్ట్ ఎట్ దగ్గర 1 అని ఇవ్వాలి. ముడి విప్పడం ముందు, మార్చడం తరువాత. ఈ వరుస తలక్రిందులైతే ఎన్నిసార్లు చేసినా అదే గతి. లిబ్రే ఆఫీస్ రైటర్‌లో చేసేవారికి విభాగాలకు బదులు పేజీ శైలులు ఉంటాయి. విరుపు వేసేటప్పుడే తరువాతి పుటకు ఏ శైలి, ఏ సంఖ్య అని చెప్పాలి. పేర్లు వేరైనా ఆలోచన ఒకటే.

ఒక్కొక్క ప్రకరణాన్ని ఒక్కొక్కరు వేరుగా టైపు చేసి తెచ్చి ఒకచోట కలిపినప్పుడు ప్రతి ప్రకరణం మరల 1 నుండి మొదలవడం చూస్తాము. మీ కళాశాల ప్రాజెక్టు నివేదికలలో ఇది తరచు కనిపిస్తుంది. ప్రతి విభాగంలోనూ ఎవరో 1తో మొదలుపెట్టమని చెప్పి ఉంటారు. ఆయా విభాగాలలో వెనుకటి విభాగం నుండి కొనసాగించు అన్న గుర్తు పెడితే సరిపోతుంది. ఇక ఒక్కొక్కప్పుడు 13 తరువాత 15 కనిపిస్తుంది. ఇది తప్పు కాకపోవచ్చును. ప్రకరణం ఎప్పుడూ కుడివైపు, అంటే బేసి పుటలో, మొదలు కావాలని విరుపు వేసి ఉంటే, 14వ పుట ఖాళీగా అచ్చులోకి వస్తుంది. కంగారుపడి దానిని సరిచేయబోయి పుస్తకమంతా పాడుచేసుకున్నవారిని ఎరుగుదును.

విషయసూచిక విషయంలో ఒక్క నియమం తెలిస్తే చాలు. ప్రకరణం పేరును లావుగా, పెద్దగా చేసినంత మాత్రాన యంత్రానికి అది శీర్షిక అని తెలియదు. దానికి హెడింగ్ అనే శైలిని తగిలించాలి. అలా తగిలించిన వాటినే ఏరి అది పట్టికగా కూరుస్తుంది. ఆ పట్టిక కిటికీ వంటిది కాదు, ఛాయాచిత్రం వంటిది. పుస్తకం మారినా అది పాత ముఖమే చూపుతూ ఉంటుంది. పట్టికపై నిలిచి ఎఫ్ 9 మీట నొక్కితే మరల చిత్రం తీస్తుంది. పుటసంఖ్యలు మాత్రమే మార్చాలా, మొత్తం పట్టికను మార్చాలా అని అడుగుతుంది. ప్రకరణం పేరు మార్చి ఉంటే మొత్తం మార్చమనే చెప్పాలి. పట్టికలో సంఖ్యకు బదులు "ఎర్రర్! బుక్‌మార్క్ నాట్ డిఫైన్డ్" అని వస్తే, పట్టిక గుర్తు పెట్టుకున్న శీర్షిక చెరిగిపోయిందని అర్థం. అప్పుడు కూడా మొత్తం పట్టికను మరల కూర్చడమే ఉపాయం.

ఇప్పుడు పదసూచిక. మమ్మల్ని ఎక్కువ రోజులు ఏడిపించినది ఇదే.

పాఠంలో పేరు వచ్చిన చోట దానిని ఎంచుకొని ఆల్ట్, షిఫ్ట్, ఎక్స్ మీటలు ఒకేసారి నొక్కితే, ఆ పేరు ప్రక్కన ఒక రహస్యపు గుర్తు చేరుతుంది. అచ్చులో అది కనిపించదు. పుస్తకమంతా ఇలా గుర్తులు పెట్టిన తరువాత సూచికను కూర్చమంటే, యంత్రం ఆ గుర్తులు ఏ పుటలలో ఉన్నవో చూచి పట్టిక తయారు చేస్తుంది. మేము రమారమి రెండువందల యాభై గుర్తులు పెట్టాము. సూచిక వచ్చింది. అచ్చు తీసి సరిచూచితే మొదటి ముప్పది పుటలవరకు అన్నీ సరిగా ఉన్నాయి. 50 దగ్గర ఒకటి ఎక్కువ చూపుతున్నది. 100 దగ్గర రెండు, మూడు. చివరకు నాలుగు. యంత్రానికి లెక్క రాదా అని విసుగు కలిగింది.

తప్పు కూడా ఒక సాక్ష్యమని అప్పుడు మాకు తోచింది. పుస్తకం మొదటి నుండి చివరివరకు తేడా ఒకటిగానే ఉంటే, ఉదాహరణకు అంతటా ఎనిమిది ఎక్కువ ఉంటే, ముందుమాటల ఎనిమిది పుటలు లెక్కలో కలిశాయని, అసలు గ్రంథాన్ని 1తో మొదలుపెట్టక ముందే సూచిక తీశామని అర్థం. ఒక చోటివరకు సరిగా ఉండి, అక్కడి నుండి హఠాత్తుగా తేడా వచ్చి నిలిచిపోతే, ఆ చోట తరువాత ఏదో చేర్చామనో తీసివేశామనో అర్థం. 2009 నాటి మా తప్పు ఆ జాతిది. మొదట సున్నతో బయలుదేరి పోనుపోను పెరిగే తేడా వేరు. పుస్తకం పొడుగునా సన్నగా పరచుకొని ఉన్నది ఏదో పుటలను ఉబ్బిస్తే గాని అది రాదు. పుస్తకం పొడుగునా పరచుకొని ఉన్నవి ఏవి? మేము పెట్టిన గుర్తులే!

గుర్తు పెట్టగానే యంత్రం దాచిన అక్షరాలను తెరపై చూపడం ప్రారంభిస్తుంది. చూపినప్పుడు అవి చోటు తింటాయి. ఒక్కొక్క గుర్తు అర పంక్తి తిన్నదనుకున్నా, రెండువందల యాభై గుర్తులకు నూట ఇరవై అయిదు పంక్తులు. పుటకు ముప్పది పంక్తుల చొప్పున నాలుగు పుటలు. ఆ ఉబ్బిన పుస్తకాన్ని చూచి సూచిక లెక్కలు వేసింది. అచ్చు యంత్రం మాత్రం గుర్తులను విడిచి సన్నని పుస్తకాన్ని ఇచ్చింది. రెండూ వేరు వేరు పుస్తకాలు. కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కి దాచిన అక్షరాలను మూసివేసి, ఎఫ్ 9తో సూచికను మరల కూర్చగానే తేడా అంతా పోయింది. మూడు రోజుల బాధకు మూడు క్షణాల మందు.

ఇటువంటి ఉబ్బు వేరొక దారిన కూడా రావచ్చును. నా కంప్యూటరులో ఉన్న ఖతి మీ కంప్యూటరులో లేకపోతే అది మరొక ఖతిని తెచ్చుకుంటుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాల వల్ల పంక్తి ఎత్తు ఖతికీ ఖతికీ బాగా మారుతుంది. కాగితం కొలత ఏ4కు బదులు లెటర్ అని ఉన్నా అంతే. మొదటిది 210, 297 మిల్లీమీటర్లు, రెండవది 216, 279 మిల్లీమీటర్లు. ఇంట్లో సరిగా ఉన్న ప్రాజెక్టు జిరాక్సు దుకాణంలో అచ్చు తీయగానే చెదిరిపోవడానికి తరచు ఇదే కారణం. సూచికలు కూర్చిన కంప్యూటరులోనే పీడీఎఫ్ చేసి, దానిని పట్టుకొని వెళ్లడం మేలు.

సంఖ్యలు కుదిరిన తరువాత తెలుగు తన సొంత చిక్కులను ముందుకు తెచ్చింది. ఒక పేరు వచ్చిన అన్ని చోట్లా ఒకేసారి గుర్తు పెట్టమని యంత్రానికి చెప్పవచ్చును. "నర్సీపట్నం" అని ఇచ్చాము. "నర్సీపట్నానికి", "నర్సీపట్నపు" అన్న చోట్లను అది విడిచిపెట్టింది. మన పేర్లు విభక్తి చేరినప్పుడు రూపమే మార్చుకుంటాయి. ఆంగ్లంలో పేరు కదలక నిలిచి ఉంటుంది గనుక ఈ ఇబ్బంది తక్కువ. కాబట్టి తెలుగులో గుర్తులు పెట్టే పనిని పూర్తిగా యంత్రానికి వదలరాదు. ఒకే ఊరు మా వ్రాతప్రతిలోనే కృష్ణదేవిపేట, క్రిష్ణదేవిపేట, కె.డి.పేట అని మూడు విధాలుగా ఉన్నది. సూచికలో అది మూడు ఊళ్లయింది. ఒక రూపాన్ని నిలిపి, మిగిలిన వాటి ఎదుట "చూ." అని పెట్టి ఆ రూపానికే పంపాము. కంటికి ఒకే విధంగా కనిపించే రెండు మాటలు కూడా యంత్రానికి వేరు కావచ్చును. పొల్లు తరువాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి టైపు చేసేవారు చొప్పించే కనిపించని గుర్తు ఒకటి ఉన్నది. ఒకచోట అది ఉండి, మరొకచోట లేకపోతే సూచికలో ఒకే పేరు రెండుమార్లు రావచ్చును.

మనుషుల పేర్ల దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఆంగ్ల గ్రంథాలలో ఇంటిపేరును ముందుకు తెచ్చి కామా పెడతారు. తెలుగువారి ఇంటిపేరు ఎలాగూ ముందే ఉన్నది. "అల్లూరి సీతారామరాజు" అని అకారంలో వేస్తే చాలునని కొందరు, చదువరి "సీతారామరాజు" అనే వెదుకుతాడని కొందరు. రెండు చోట్లా వేశాము. కాగితం కొంచెం ఎక్కువైనా పోయేది లేదని నా అభిప్రాయం.

అకారాది క్రమం కూడా అనుకున్నంత తేలిక కాదు. మనం బడిలో నేర్చిన వరుసలో వ తరువాత శ, ష, స, హ, ఆపై ళ వస్తాయి. యూనికోడ్ సంకేతాల పట్టికలో ళ, ల ప్రక్కనే, వకు ముందు ఉన్నది. ఱ కూడా రను అంటుకొని ఉన్నది. కేవలం ఆ సంకేత సంఖ్యలనే అనుసరించే సాధనంలో "కళింగం" ముందు, "కవులు" తరువాత వస్తాయి; బడి వరుసలో ఇది తారుమారు. సున్న ఆ పట్టికలో అచ్చులకన్నా ముందే ఉన్నది గనుక "అం"తో మొదలయ్యే మాటలు "అక" కన్నా ముందు చేరుతాయి. "క్ష" ప్రత్యేకాక్షరం కాక కకు ష ఒత్తుగా నిలువ ఉంటుంది గనుక కకారంలోనే ఉండిపోతుంది. ఏ వరుస మంచిది అన్నది వేరే మాట. ఒక వరుసను ఎంచుకొని సూచిక పైన ఒక్క వాక్యంలో చెప్పితే చదువరికి ఇబ్బంది ఉండదు. మా 2009 నాటి ప్రతిని ఇలా వరుసపెట్టడం అసలు సాధ్యమే అయ్యేది కాదు. అది యూనికోడుకు ముందటి పద్ధతి ఖతులతో టైపు చేసినది. ఆ ఖతులలో తెలుగు అక్షరం అనేది ఆంగ్లాక్షరాల సంకేతాల స్థానంలో గీసిన బొమ్మ మాత్రమే. కంటికి తెలుగు, యంత్రానికి ఆంగ్లపు గజిబిజి. దానిని వరుసపెట్టమంటే ఆ గజిబిజినే వరుసపెడుతుంది. అందుకే ముందు పాఠమంతటినీ యూనికోడులోకి మార్పించి, మార్పిడిలో చెడిన అక్షరాలను కూర్చొని దిద్దవలసి వచ్చింది. నెల రోజుల పని.

అచ్చుకు పంపే ముందు రోజు చేసిన పనుల వరుస ఇది: పాఠంలో ఇక ఒక్క అక్షరం కూడా మార్చరాదని ఒప్పుకున్నాము. దాచిన అక్షరాలను మూశాము. కంట్రోల్, ఎ నొక్కి పుస్తకమంతటినీ ఎంచుకొని, ఎఫ్ 9తో అన్ని పట్టికలను ఒకేసారి సరిచేశాము. విషయసూచిక పొడవు పెరిగి ముందుపుటలు మారి ఉండవచ్చునని మరొకసారి అదే చేశాము. పీడీఎఫ్ తీశాము. తరువాత కంప్యూటరు మూసి, కాగితం ప్రతిని చేత పట్టుకొని, సూచిక మొదటి నుండి కొన్ని, నడుమ నుండి కొన్ని, చివరి నుండి కొన్ని పేర్లు ఎంచుకొని ఒక్కొక్క పుటను తీసి చూశాము. యంత్రం చేసింది గదా అని ఈ చివరి పనిని మానరాదు. మాకు అక్కడ కూడా రెండు తప్పులు దొరికాయి. రెండూ మేము గుర్తును ప్రక్క పేరాలో పెట్టడం వల్ల వచ్చినవే.

మేము మొట్టమొదట తీసి చూచిన పేరు ఆ పెద్దాయన ఊరిది. సూచికలో దాని ఎదుట 71 అని ఉన్నది. 71వ పుట తీశాము. పై నుండి ఆరవ పంక్తిలో ఆ ఊరు ఉన్నది. ఒక ప్రతిలో ఆ పుట దగ్గర కాగితం ముక్క పెట్టి, చింతపల్లి బస్సులో వెళ్లేవారి చేతికి ఇచ్చి పంపాము.